తెలిసినది, విన్నది, తోచినది

పత్రికలో వార్త వ్రాసేవానికి, రేడియోలోనో టెలివిజనులోనో వార్త చెప్పేవానికి నడుమ ఒక పెద్ద భేదమున్నది. పత్రికా రచయిత వ్రాసినదానిని ఉపసంపాదకుడు దిద్దుతాడు. ప్రూఫులు వస్తాయి. యంత్రము తిరుగులోగా అనుమానమున్న మాటను కొట్టివేయవచ్చును. మైకు ముందు కూర్చున్నవానికి ఆ వెసులుబాటు లేదు. నోట వెలువడిన మరుక్షణమే ఆ మాట లక్షల ఇండ్లలో వినబడిపోతుంది. మరునాడు సవరణ చెప్పినా, మొదటి మాట విన్నవారందరు సవరణ వినరు. ప్రసార విలేఖరికి కావలసినది మంచి కంఠమని, ధారాళమైన వాక్కు అని సామాన్యముగా అనుకుంటారు. నిజమునకు ఆ వృత్తిలో అరుదైన శక్తి వేరొకటి. చెప్పుటకు మాట సిద్ధముగా ఉన్నప్పుడు కూడ, అది రూఢి అయ్యేవరకు నోరు కట్టుకొని కూర్చోగలుగుట.

ఈ మాటకు అమెరికా దేశపు వాల్టర్ క్రాంకైట్ జీవితము మంచి సాక్ష్యము. అంతేకాదు, ఆ మాటకు హద్దు ఎక్కడ ఉన్నదో చూపేది కూడ ఆ జీవితమే. 1916లో మిస్సూరీ రాష్ట్రములో జన్మించి, 2009 జూలై 17న 92 సంవత్సరముల వయస్సులో మరణించిన ఈ పాత్రికేయుడు 1962 నుంచి 1981 వరకు సి.బి.ఎస్. టెలివిజనులో సాయంకాలపు వార్తలను నిర్వహించినాడు. ఇతరులు వ్రాసి ఇచ్చినది చదువుటతో ఆయన తృప్తిపడలేదు. ఆ వార్తలకు మేనేజింగ్ ఎడిటరు కూడ తానే. తన అనుభవములను 1996లో 'ఎ రిపోర్టర్స్ లైఫ్' అనే ఆత్మకథగా ప్రకటించినాడు. తన వృత్తిని గురించి ఆయన చెప్పుకొన్న సంగతులలో గొప్పలకన్న అనుమానములే ఎక్కువ విలువైనవి.

ఆయన చెప్పిన తొలినాళ్ళ సంగతి ఒకటి. 1930 దశకములో, ఇరువది ఏండ్ల ప్రాయములో, ఆయన కాన్సాస్ సిటీలోని ఒక చిన్న రేడియో కేంద్రములో వార్తలు చదివేవాడు. ఒకనాడు కార్యక్రమాధికారి పరుగున వచ్చి, నగర కార్యాలయ భవనము అంటుకొన్నదనీ, ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది దూకి మరణించినారనీ, వెంటనే ప్రసారము చేయవలసినదనీ తొందరపెట్టినాడు. ఆ వార్తను ఆయనకు టెలిఫోనులో చెప్పినది ఆయన భార్య. క్రాంకైట్ అగ్నిమాపక కార్యాలయమును అడిగి రూఢి చేసుకొందుననినాడు. భార్య చెప్పిన తరువాత ఇంక రూఢి ఏమిటని అధికారికి కోపము వచ్చినది. తానే మైకు ముందు కూర్చొని ఆ వార్త చెప్పివేసినాడు. తీరా చూడగా అది చిన్న మంట. చనిపోయినవారు ఎవరును లేరు. ఉద్యోగము పోయినది మాత్రము వార్తను అడగబోయినవానికి.

ఆ తరువాత ఆయన యునైటెడ్ ప్రెస్ వార్తాసంస్థలో చేరినాడు. వార్తాసంస్థ పని కత్తిమీద సాము. నిమిషము ఆలస్యమైతే పోటీ సంస్థ ముందుకు పోతుంది. తొందరపడి తప్పు పంపితే ఆ తప్పు ఒక్కమారుగా వందల పత్రికలలో అచ్చవుతుంది. రెండవ ప్రపంచ యుద్ధములో, 1943 ఫిబ్రవరి 26న, జర్మనీలోని విల్‌హెల్మ్స్‌హాఫెన్ మీద బాంబులు వేయబోయిన విమానములలో కొందరు విలేఖరులు కూడ వెళ్ళినారు. క్రాంకైట్ వారిలో ఒకడు. న్యూయార్క్ టైమ్స్ విలేఖరి రాబర్ట్ పోస్ట్ ఆ ప్రయాణమునుంచి తిరిగి రాలేదు. 1944లో సైనికులతో కలిసి గ్లైడరులో హాలండులో దిగుట, యుద్ధానంతరము న్యూరెంబర్గు విచారణలు, మాస్కోలో రెండేండ్ల నివాసము, ఇవన్నీ అయిన పిమ్మటనే 1950లో ఆయన సి.బి.ఎస్.లో ప్రవేశించినాడు. అనగా, కెమెరా ముందుకు వచ్చునప్పటికే ఆయనకు వార్త ఖరీదు ఎంతో తెలియును.

1963 నవంబరు 22. డాలస్ నగరములో మధ్యాహ్నము 12 గంటల 30 నిమిషములకు అధ్యక్షుడు కెన్నెడీ మీద తుపాకి పేలినది. వెనుక కారులో ఉన్న యు.పి.ఐ. విలేఖరి మెర్రిమన్ స్మిత్, కారులోని రేడియో టెలిఫోనును తోటి వార్తాసంస్థవానికి అందనీయకుండ పట్టుకొని, 12 గంటల 34 నిమిషములకు తొలి వార్త వెలువడునట్లు చేసినాడు. 12 గంటల 40 నిమిషములకు న్యూయార్కులో సి.బి.ఎస్. తెరమీద నడుస్తున్న నాటకము ఆగి, క్రాంకైట్ కంఠము వినబడినది. మనిషి కనబడలేదు. ఆ రోజులలో స్టూడియో కెమెరా వేడెక్కి పనిచేయుటకు చాల సేపు పట్టేది. అందువలన ఒక అట్టముక్క మీది అక్షరములు చూపి, వెనుకనుంచి మాట మాత్రము వినిపించినారు.

అప్పటినుంచి దాదాపు ఒక గంటసేపు జరిగినదానిని ప్రతి పాత్రికేయ విద్యార్థియు శ్రద్ధగా పరిశీలింపదగును. వార్తలు ముక్కలుముక్కలుగా వస్తున్నవి. ఆసుపత్రి వైద్యుడొకరు అధ్యక్షుడు మరణించినాడని అన్నట్లు డాలస్‌లోని అనుబంధ కేంద్రమువారు చెప్పినారు. అంత్యకర్మలకై పిలువబడిన మతగురువులు కూడ అదే మాట చెప్పినట్లు తెలిసినది. తన సంస్థవాడే అయిన డాన్ రాదర్ డాలస్ నుంచి మరణవార్తను అందించినాడు. క్రాంకైట్ వీటిలో దేనినీ దాచలేదు. దేనినీ తన మాటగా చెప్పలేదు. ఇది ఫలానావారు చెప్పినది, దీనికి ఇంకను అధికారిక ధ్రువీకరణ లేదు అని ప్రతిసారియు విడదీసి చెప్పినాడు. 1 గంట 38 నిమిషములకు ఒక కాగితము చేతికి వచ్చినది. కళ్ళజోడు పెట్టుకొని చదివినాడు: అధ్యక్షుడు ఒంటిగంటకు మరణించినాడు. కళ్ళజోడు తీసి గోడ గడియారమువైపు చూచి, ముప్ఫై ఎనిమిది నిమిషముల క్రితమని లెక్కచెప్పినాడు. గొంతు ఒక క్షణము పెగలలేదు. ఆ వెంటనే ఉపాధ్యక్షుడు జాన్సన్ సంగతికి వచ్చినాడు.

లోకము జ్ఞాపకము పెట్టుకొన్నది ఆ కళ్ళజోడును, తడబడిన ఆ కంఠమును. అది మానవ సహజమే. కాని ఆ క్షణానికి బరువు తెచ్చినది దానికి ముందు గడిచిన గంట. విన్నదానిని విన్నదిగానే చెప్పుతూ వచ్చినవాడు చివరకు ఇది నిశ్చయమనగానే, వినేవారికి అనుమానించుటకు ఏమియు మిగులలేదు. అదే సంస్థకు చెందిన రేడియో విభాగమువారు అధికారిక ప్రకటనకు ముందే మరణవార్త ప్రకటించివేసినారు. వారు చెప్పినది నిజమే అయినది. నిజమైనందువలన ఆ తొందర ఒప్పయిపోవునా? ప్రశ్నకు సమాధానము వ్రాయకుండ తుది అంకె మాత్రము వేసిన విద్యార్థికి, ఆ అంకె సరిపడినా, లెక్కల ఉపాధ్యాయుడు పూర్తి మార్కులు వేయడు.

ఆ అంకె సరిపడని రోజు కూడ వచ్చినది. 1981 మార్చి 6న క్రాంకైట్ పదవీ విరమణ చేసినాడు. ఇరువదినాలుగు రోజుల తరువాత, మార్చి 30న, వాషింగ్టనులో అధ్యక్షుడు రీగన్ మీద కాల్పులు జరిగి, ఆయన పత్రికా కార్యదర్శి జేమ్స్ బ్రాడీ తలకు గాయమైనది. బ్రాడీ మరణించినాడని మూడు ప్రధాన టెలివిజను సంస్థలును ప్రకటించినవి. బ్రాడీ మరణించలేదు. 2014 వరకు జీవించినాడు. శస్త్రచికిత్స జరుగుతున్న మనిషిని మృతునిగా ప్రకటిస్తే, ఆ ఇంటివారి గుండె ఏమి కావలెనో ఊహించుట కష్టము కాదు.

ఇంతవరకు వాదము సులభముగానే నడచినది. అయితే దీనికి ఒక గట్టి ఆక్షేపణ ఉన్నది. దానిని తప్పించుకొని పోరాదు. అధికారులు ధ్రువపరచేవరకు ఆగవలెనన్నది సూత్రమైతే, అధికారులే అసత్యము చెప్పునప్పుడు ఏమి కావలెను? అగ్నిమాపక కార్యాలయానికి మంటను గురించి అబద్ధమాడవలసిన అక్కర లేదు. యుద్ధము నడుపుతున్న ప్రభుత్వానికి ఆ అక్కర చాల ఉంటుంది. ఆసుపత్రి ముందు నిగ్రహమనిపించుకొన్న గుణమే యుద్ధరంగములో అమాయకత్వము కావచ్చును. పైకి చూచుటకు రెండును ఒక్కతీరుగానే ఉంటాయి.

క్రాంకైట్ విషయములో ఇది ఊహ కాదు, జరిగిన సంగతి. 1963 సెప్టెంబరు 2న ఆయన వార్తలు పదునైదు నిమిషములనుంచి అరగంటకు పెరిగిన తొలినాడు, కెన్నెడీతో ఆయన జరిపిన సంభాషణలో వియత్నాము ప్రసక్తి వచ్చినది. ఆ యుద్ధము వియత్నామువారిదేననీ, గెలిచినా ఓడినా వారే చూచుకొనవలెననీ కెన్నెడీ అన్నాడు. రెండేండ్లు తిరుగకముందే అమెరికా సైన్యములు పెద్ద సంఖ్యలో అక్కడ దిగినవి. 1965లో వియత్నాము వెళ్ళి వచ్చిన క్రాంకైట్ సైన్యాధికారుల మాటలను చాలవరకు నమ్మినవాడే. రెండవ ప్రపంచ యుద్ధములో సైనికులతో కలిసి తిరిగిన మనిషికి సైనికాధికారి అబద్ధమాడతాడని తోచుట కష్టము. ఆ యేడే ఆగస్టులో మోర్లీ సేఫర్ అనే విలేఖరి, అమెరికా మెరీనులు కామ్‌నే అనే గ్రామములో గుడిసెలకు సిగరెట్టు లైటరుతో నిప్పుపెట్టుటను చిత్రించి పంపగా, అది క్రాంకైట్ వార్తలలోనే ప్రసారమైనది. సైగాన్‌లో ప్రతిదినము అధికారులు జరిపే సమావేశానికి అక్కడి విలేఖరులు 'అయిదు గంటల ప్రహసనము' అని పేరు పెట్టుకొన్నారు. అయినను న్యూయార్కులోని పెద్దల అనుమానము పదును తేరుటకు ఇంకను రెండున్నర సంవత్సరములు పట్టినది. ఆ కాలములో ఎందరు చనిపోయినారో తలచుకొంటే, ఈ ఆలస్యమును చిన్న తప్పిదమని కొట్టివేయుటకు వీలులేదు.

1968 జనవరి చివరి రోజులలో, టెట్ అనే నూతన సంవత్సర పండుగనాడు, ఉత్తర వియత్నాము సేనలు, వియత్‌కాంగ్ దళములు దక్షిణమందలి పెక్కు నగరములమీద ఒక్కసారిగా విరుచుకొనిపడినవి. శత్రువు బలము సన్నగిల్లినదని అధికారులు చెప్పుతూ వచ్చిన మాటకు, కండ్లకు కనబడుతున్నదానికి పొంతన కుదరలేదు. అప్పుడు క్రాంకైట్ మరొక ప్రకటనకొరకు కనిపెట్టుకొని కూర్చోలేదు. తానే వెళ్ళినాడు. హ్యూ నగరములో పోరాటము జరుగుతుండగా చూచినాడు. అక్కడినుంచి చనిపోయిన మెరీనుల శవములున్న హెలికాప్టరులో తిరిగివచ్చినాడు. ఫిబ్రవరి 27 రాత్రి ప్రసారమైన అరగంట కార్యక్రమములో తాను చూచినది అంతయు చూపి, చివరకు తన అభిప్రాయము చెప్పినాడు. యుద్ధము ఎటూ తెగని ప్రతిష్టంభనలో పడినదనీ, గౌరవముగా సంధి మాటలాడుకొనుటయే మార్గమనీ దాని సారాంశము. చెప్పబోయే ముందు, ఇది తన సొంత అభిప్రాయమనీ, ఊహతో కూడినదనీ స్పష్టముగా హెచ్చరించినాడు.

వార్త చెప్పేవాడు అభిప్రాయము చెప్పవచ్చునా అని ఆనాడు తర్కించినవారున్నారు. ఈనాడు తర్కము అవసరము లేనంతగా అభిప్రాయములే వార్తలైపోయినవి. అందుచేత ఆ రాత్రి జరిగినదానిని సరిగా గ్రహింపవలెను. ఆయన అభిప్రాయము వార్తలో కలిసిపోలేదు. వార్త ముగిసిన తరువాత, వేరొక గిన్నెలో పెట్టినట్లు, విడిగా పెట్టబడినది. ఉప్పు కావలసినవాడు వేసుకొనవచ్చును, అక్కరలేనివాడు మానవచ్చును. వంటలోనే కలిపివేసినవానికి, విడిగా వడ్డించినవానికి భేదము తినేవానికి తెలియును.

ఈ ప్రసారమును గురించి ఒక కథ ప్రచారములో ఉన్నది. అధ్యక్షుడు జాన్సన్ ఆ కార్యక్రమమును చూచి, క్రాంకైట్ మద్దతు పోయినదంటే సామాన్య ప్రజల మద్దతు పోయినట్లేనని నిట్టూర్చి, పోటీనుంచి తప్పుకొన్నాడని ఆ కథ. ఎన్నో పుస్తకములకు, ఉపన్యాసములకు ఇది ఎక్కినది. అయితే ఆ రాత్రి జాన్సన్ టెలివిజను ముందు లేడు. టెక్సాసులోని ఆస్టిన్ నగరములో గవర్నరు కానలీ పుట్టినరోజు విందులో ఉన్నాడు. అతడన్నట్లు చెప్పే మాటకు కూడ ఒక్కొక్కరు ఒక్కొక్క పాఠము చెప్పుతారు. ఆ యుద్ధములోనికి సైన్యమును పంపుట పొరపాటని 1967 అక్టోబరులోనే గాలప్ సేకరణలో 47 శాతము మంది అన్నారు. అనగా ప్రజలు ఆయనకన్న ముందే నడచినారు. రూఢి కాని వార్తను చెప్పనని భీష్మించినవాని కీర్తికి పట్టుకొమ్మగా రూఢి కాని కథ నిలిచినది! దానిని దశాబ్దములపాటు మోసినవారు కూడ పాత్రికేయులే.

1972లో వాటర్‌గేటు వ్యవహారము వచ్చునప్పటికి ఆయన పద్ధతి మారినది. ఆ వ్యవహారమును తవ్వితీసినది వాషింగ్టన్ పోస్ట్ పత్రిక; టెలివిజను కాదు. క్రాంకైట్ ఆ సంగతిని దాచక, పత్రిక పేరు చెప్పి, అధ్యక్ష ఎన్నికలకు కొద్దిదినముల ముందు, అక్టోబరు 27న, తన వార్తలలో సుమారు పదునాలుగు నిమిషములు దానికే కేటాయించి సామాన్యునికి బోధపడేటట్లు విప్పిచెప్పినాడు. శ్వేతభవనమునుంచి యాజమాన్యానికి కోపపు పిలుపు వచ్చినది. అక్టోబరు 31న వచ్చిన రెండవ భాగము ఎనిమిది నిమిషములకు కుదించుకొనిపోయినది. ధైర్యశాలి అయిన సంపాదకుని వెనుక జీతమిచ్చేవాడొకడు ఉంటాడన్న సంగతి ఆ ఆరు నిమిషముల తేడాలో తెలుస్తుంది.

మంచి రోజులు కూడ ఉన్నవి. 1969 జూలైలో మానవుడు చంద్రునిమీద దిగినప్పుడు, సంవత్సరముల తరబడి ఆ ఘట్టానికి చదువుకొని సిద్ధపడిన ఈ మాటకారికి నోట మాట రాలేదు. కళ్ళజోడు తీసి, చేతులు రుద్దుకొని, పసివానివలె నవ్వినాడు. అప్పటికి భారతదేశములో టెలివిజను ఢిల్లీ దాటి రాలేదు. హైదరాబాదు కేంద్రము 1977లో గాని ఆరంభము కాలేదు. తెలుగువారు ఆ సంగతిని రేడియోలో విని, మరునాడు పత్రికలో చదివి సంతోషించినవారే. 1977 నవంబరు 14న ఈజిప్టు అధ్యక్షుడు సాదత్‌ను, ఇజ్రాయెల్ ప్రధాని బెగిన్‌ను విడివిడిగా ఉపగ్రహము ద్వారా ఆయన ప్రశ్నించగా, సాదత్ అయిదు రోజులకే జెరూసలేములో దిగినాడు. ఆ శాంతియాత్ర కీర్తిని క్రాంకైట్‌కు కట్టబెట్టినవారున్నారు. సాదత్ తన పార్లమెంటులో ముందే ఆ మాట అనియున్నాడు. తాను శాంతిదూతగా అడుగలేదనీ, ఆ ప్రయాణపు ఊహాగానమును తేల్చివేయుటకే అడిగితిననీ క్రాంకైట్ తరువాత చెప్పుకొన్నాడు. అగ్నిమాపక కార్యాలయమును అడగబోయిన కుర్రవాడే ఇక్కడ కూడ కనబడుతున్నాడు.

అన్నిటికన్న మెచ్చదగినది, తన వృత్తికి ఉన్న కొరతను ఆయన బహిరంగముగా ఒప్పుకొనుట. అరగంట వార్తలలో ప్రకటనలు పోగా మిగిలేది ఇరువదిరెండు నిమిషములు. ఆ మాటలన్నిటిని అచ్చువేసి చూస్తే ఒక పెద్ద పత్రిక మొదటి పుట కూడ నిండదు. టెలివిజను మాత్రమే చూచి దేశ వ్యవహారములు తెలిసినవనుకొనేవాడు మోసపోతాడనీ, పత్రికలు చదవక తప్పదనీ ఆయన పదేపదే చెప్పినాడు. తన దుకాణములో సరుకు చాలదని చెప్పి పక్క దుకాణానికి పంపే వర్తకుడు అరుదు.

తెలుగు నాట చాల పాఠశాలలలో ఉదయపు ప్రార్థన తరువాత ఒక విద్యార్థి చేత వార్తలు చదివించే ఆచారమున్నది. ఆ పిల్లవాడు శీర్షికలు గడగడ చదివి వెళ్ళిపోతాడు. తక్కినవారు ఎండలో నిలబడి ఎప్పుడు ముగుస్తుందా అని చూస్తారు. చదివిన ఒక్కొక్క వార్తకు ఇది ఎవరు చెప్పినారు, వారు చూచినారా, విన్నారా, అనుకొన్నారా అని ఒక్క ప్రశ్న వేయించినట్లయితే ఆ అయిదు నిమిషములకు అర్థము కలుగుతుంది. చేతిలోని ఫోనులో ప్రతి నిమిషము వచ్చిపడే వార్తలను జల్లించుకొనుటకు ఈ తరము పిల్లలకు అంతకన్న పనికివచ్చే జల్లెడ ఉపాధ్యాయుడు ఇవ్వలేడు.

అమెరికాలో అత్యంత విశ్వాసపాత్రుడని క్రాంకైట్‌కు పేరు వచ్చినది. 1972లో జరిగిన ఒక ప్రజాభిప్రాయ సేకరణ దానికి మూలము. ఆ జాబితాలో ఆయనతో పోటీ పడినవారు చాలవరకు రాజకీయ నాయకులన్న సంగతిని మాత్రము ఎవరును అంతగా చెప్పరు. ఆ పందెములో గెలుచుట అంత కష్టము కాకపోవచ్చును. ప్రతి రాత్రి వార్తలు ముగించి, 'సంగతి ఇట్లున్నది' అనే అర్థమిచ్చే వాక్యముతో ఆయన సెలవు తీసుకొనేవాడు. దేశమంతటికి ఆ వాక్యము ప్రియమైనది. సి.బి.ఎస్. వార్తా విభాగాధ్యక్షుడు రిచర్డ్ శాలంట్‌కు మాత్రము అది నచ్చలేదు. చెప్పినదంతయు పరమ సత్యమని, అంతకు మించి ఏమియు లేదని వినేవానికి తోస్తుందని ఆయన అభ్యంతరము. శాలంట్ చెప్పినదే న్యాయము. ఇరువదిరెండు నిమిషములలో లోకము ఇట్లున్నదని తేల్చగలవాడు లేడు.

క్రాంకైట్‌కు కూడ ఆ సంగతి తెలియకపోలేదు. వ్యాఖ్యతోనో అభిప్రాయముతోనో వార్తలు ముగిసిన రాత్రులలో ఆయన ఆ వాక్యమును పలుకక విడిచేవాడు. 1968 ఫిబ్రవరి 27 నాటి ప్రత్యేక కార్యక్రమము చివర కూడ అది లేదు. యుద్ధమును గురించి తనకు తోచినది చెప్పి, తన పేరు చెప్పి, శుభరాత్రి అని ఊరుకొన్నాడు.